మారక్క పెట్టని మారు

“వెనక నుంచి రాకు నాయనా, దానికి నచ్చదు. ఇటు చుట్టూ తిరిగి, దాని కళ్ళకి కనబడేట్టు రా. ఆ స్టూలు లాక్కుని కూర్చో. చేతులు మాత్రం వెనక్కి కట్టుకో. ఆఁ, అదీ! నవ్వకు, ఇక్కడ అందరికీ ఇదే రూలు. మేనేజరుగారొచ్చినా ఇంతే. ఎందుకంటే చెప్తాను, ముందు ఈ గడ్డి కడగనీ.”

గుర్రాన్ని చూడవచ్చినవాళ్ళకి ఈ మాట చెప్పే మారక్క మోచేతుల దాకా నీళ్ళలో ఉంది. బస్సు డిపో క్యాంటీను వెనక పెరట్లో, పెద్ద టబ్బులో ఎండుగడ్డి నానబోసి, గుప్పెడు గుప్పెడు పైకి తీసి పిండుతోంది. ఆ వాటం చూస్తే బియ్యం కడుగుతున్నట్టే ఉంటుంది. నీళ్ళు లేత టీ రంగుకి తిరిగాయి. గడ్డిలో తీపి కొంత పోవాలట, అప్పుడే ఆ గుర్రానికి పడుతుందట. పశువుల డాక్టరమ్మ అలా చెప్పింది.

వంటింటి గుమ్మంలో నించున్న ఆడపడుచు ఊరుకుంటుందా?

“కడిగింది చాల్లే వదినా. ఇంకాసేపు వదిలేస్తే తాలింపు కూడా పెట్టేట్టున్నావు.”

“పెడతాను. ముందు నీ నోటికి పెడతాను.”

“మా అన్నయ్యకి ఏనాడైనా ఇంత సేవ చేశావా?”

“మీ అన్నయ్యకి పక్కటెముకలు కనిపిస్తే అప్పుడు చూద్దాంలే.”

మారక్క భర్త దూరం బస్సు మీద డ్రైవరు. ఇంట్లో ఉండే రోజులకన్నా దారిలో ఉండే రోజులే ఎక్కువ. క్యాంటీను నడిపేది ఈ ఇద్దరు ఆడవాళ్ళే. ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు, రోజుకి ఒకసారైనా ఒకరి మీద ఒకరు అలుగుతారు, పొయ్యి దగ్గర మాత్రం ఒకరి చెయ్యి ఒకరికి అడ్డం రాదు.

మారక్క అన్నది పెట్టిన పేరు కాదు, పడిన పేరు. అత్తగారి చేతిలోని గరిటె ఈమె చేతికి వచ్చిన దగ్గర నుంచి, ఆ క్యాంటీనులో ఎవరూ నోరు తెరిచి మారు అడిగింది లేదు. అడిగించుకుంటే నామోషీ అని అత్తగారు నేర్పింది. కంచం వైపు కాదు, మనిషి భుజాల వైపు చూడమనేది. కడుపు నిండినవాడి భుజాలు కిందికి దిగుతాయి, నిండనివాడివి చెవుల దగ్గరే ఉంటాయి. ఆ చూపు ఈమెకి ఎంత బాగా పట్టుబడిందంటే, బస్సు కింద నుంచి లేచి నూనె చేతులు కడుక్కుని వచ్చే మెకానిక్కులకి, రెండో ముద్ద పూర్తి కాకముందే మారు వచ్చి కంచంలో పడేది. వద్దు వద్దని చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డించగల మనిషి. అలా మారు అక్క కాస్తా మారక్క అయింది.

అలాంటి మనిషి ఇంటికి చేరింది ఆ గుర్రం.

అది ఒకప్పుడు ఒక పార్కులో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగిన పొట్టిగుర్రం. పార్కు మూతపడింది. తోలేవాడు కొన్నాళ్ళు గడ్డి వేశాడు, తరువాత అప్పుడప్పుడూ వేశాడు, ఆ తరువాత మరిచేపోయాడు. కట్టడం సగంలో ఆగిన ఒక ఇంటి వెనక గోడకి కట్టేసి ఉంటే, పక్కవాళ్ళు చూసి కబురు పెట్టారు. పశువుల డాక్టరమ్మ వెళ్ళి విప్పించింది కానీ, ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆసుపత్రిలో కుక్కలకే చోటు చాలదు. ఆ మధ్యాహ్నం క్యాంటీనులో కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తకుండా ఆలోచిస్తోంది.

మారక్క ఆమె భుజాలు చూసింది.

“ఏంటి డాక్టరమ్మా, ఉప్పు ఎక్కువైందా?”

“వంట బాగానే ఉందక్కా. ఒక గుర్రానికి చోటు దొరకడం లేదు.”

“గుర్రమా! ఎంతుంటుందేంటి?”

డాక్టరమ్మ బల్లకి కొంచెం పైన చెయ్యి పెట్టి చూపించింది.

“అంతేనా? మా వెనకాల పాత టైర్లు వేసే షెడ్డుంది. ఖాళీ చేయిస్తే హాయిగా పడుకుంటుంది.”

వంటింట్లో గిన్నె ఏదో పడింది. “వదినా, మనకి పిల్లికి పాలు పోసే తీరికే లేదు!”

“పిల్లి అడగలేదుగా.”

“గుర్రం వచ్చి అడిగిందా నిన్ను?”

డిపోలో చెడిపోయిన బస్సుల కోసం వెళ్ళే వ్యాను ఉంది. అందులోనే తెచ్చారు. దింపాక అందరూ చుట్టూ చేరారు. పక్కటెముకలు ఒక్కొక్కటీ దూరానికే కనిపిస్తున్నాయి. తుంటి ఎముకలు చొక్కా తగిలించుకునే కొక్కేల్లా పొడుచుకొచ్చాయి. గిట్టలు కోసేవాళ్ళు లేక ముందుకి పెరిగి, కొసలు పైకి తిరిగి, పాత చెప్పుల్లా ఉన్నాయి. జూలు గిన్నెలు తోమే పీచులా ముడులు పడింది. అన్నిటికన్నా ఘోరం తలకి కట్టిన తాడు. అది ఎప్పుడో బిగించి కట్టింది, ఒరుసుకుపోతున్నా ఎవరూ వదులు చేయలేదు. చెవుల వెనక చర్మంలోకి దిగిపోయింది. డాక్టరమ్మ మత్తు మందు ఇచ్చి, పోగు పోగుగా కత్తిరించి తీసింది. ఇంత జరిగినా ఆ గుర్రం సకిలించలేదు, మూలగలేదు, చెవి కూడా ఆడించలేదు.

ఇంజన్ల పెద్దాయన ఒకాయన ఉన్నాడు డిపోలో. బస్సు గేటు దాటకముందే చప్పుడు విని ఏ భాగం అరిగిందో చెప్తానంటాడు. సగం సార్లు నిజమవుతుంది. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, “ఏంటి చెల్లెమ్మా, చప్పుడే లేదు దీనికి. సైలెన్సరే” అన్నాడు. ఆ పేరే నిలిచింది.

డాక్టరమ్మ వెళ్ళే ముందు మారక్కని పక్కకి పిలిచింది.

“జాగ్రత్తగా వినండక్కా. కొంచెం కొంచెంగా గడ్డి, రోజుకి చాలాసార్లు. అంతే. గింజలొద్దు, రొట్టె వద్దు, తీపి అసలొద్దు. మాడిపోయిన పొట్ట, ఒక్కసారి నింపితే తట్టుకోలేదు. ఇన్నాళ్ళ ఆకలికి చావలేదు గానీ, మనం పెట్టే తిండికి చచ్చిపోతుంది.”

“అడిగితే?”

“అడుగుతుంది. ఎంత అడిగినా పెట్టకూడదు. మీరు పెట్టగలరో లేదోనని కాదు, పెట్టకుండా ఉండగలరా అని నా భయం.”

ఆడపడుచు ఆ మాటకి పగలబడి నవ్వింది. మారక్క నవ్వలేదు. క్యాంటీనులో అన్నిటికన్నా చిన్న గిన్నె ఏదో వెతికి తెచ్చి డాక్టరమ్మకి చూపించి, “దీంతో ఎన్ని?” అని అడిగింది.

చెప్పినంతే పెట్టింది. అది చెప్పుకోదగ్గ సంగతి, ఎందుకంటే ఆమె బతుకులో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు. గడ్డి వేయగానే గుర్రం నాలుగు నమలుళ్ళలో ఊడ్చేసేది. ఊడ్చేసి తలెత్తి చూసేది. ఆ భుజాలు దిగేవి కావు. గడ్డి వేసేసి వెనక్కి తిరక్కుండా వంటింట్లోకి నడిచేది మారక్క. ఒకసారి నడక సరిపోక పరుగే తీసింది. తలుపు వేసుకుని, “నన్ను పట్టుకో వదినా, మళ్ళీ వెళ్ళేట్టున్నాను” అంది.

పిల్లికి పాలు పోసే తీరిక లేదన్న ఆడపడుచేమో, ఛీ ఛీ అంటూనే రోజూ ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళతో చెవుల వెనక పుండు కడిగేది. ముక్కు మూసుకుని ఒక చేత్తో, ముక్కు వదిలేసి రెండు చేతులతో, చివరికి దానితో కబుర్లు చెప్పుకుంటూ. ఆ కబుర్లలో ఎక్కువ భాగం వదిన మీద చాడీలే.

లాడాలు కొట్టే మనిషి వచ్చి గిట్టలు కొంచెం కోశాడు. ఒకేసారి కోస్తే నరాలు లాగేస్తాయని, మళ్ళీ వస్తానని వెళ్ళాడు. పేలమందు చల్లారు. అంతా చెప్పినట్టే సాగుతోంది, మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక మారక్క చిన్న గిన్నెడు గడ్డి తీసుకుని షెడ్డులోకి వెళ్ళిన ఆ రోజు దాకా.

గుర్రం తల తిప్పలేదు. గడ్డి మూతి దగ్గర పెట్టింది. వాసన కూడా చూడలేదు. ముందుకాలితో నేలని గోకింది, మెడ తిప్పి తన పొట్ట వైపు తానే చూసుకుంది, పైపెదవి మడిచింది. తరువాత ముందుకాళ్ళు వంచి కూలబడబోయింది.

వద్దనే మొహాలు మారక్కకి చాలా తెలుసు. మొహమాటానికి వద్దనేవాళ్ళు, పంతానికి వద్దనేవాళ్ళు, ఇంట్లో గొడవపడి వచ్చి వద్దనేవాళ్ళు. ఇది అందులో ఏదీ కాదు. గిన్నె అక్కడే వదిలేసి ఫోను దగ్గరికి పరుగెత్తింది.

“పడుకుని దొర్లనీయకండి. నెమ్మదిగా నడిపించండి. నోట్లో ఏమీ పెట్టకండి. వస్తున్నాను” అంది డాక్టరమ్మ.

వచ్చి, పొట్టకి రెండు పక్కలా స్టెతస్కోపు పెట్టి విన్నది. 

“గుర్రం పొట్టలో ఎప్పుడూ ఏదో ఒక చప్పుడు ఉండాలక్కా. ఇప్పుడు లేదు. ఏం పెట్టారు?”

“మీరు చెప్పిందే. ఒక్క పోచ ఎక్కువ వేయలేదు. నా పిల్లల మీద ఒట్టు.”

డాక్టరమ్మ వాదించలేదు. సూది వేసి, ముక్కులోంచి సన్నని గొట్టం పొట్టలోకి దింపి, నీళ్ళు పోసి, కొస కిందికి వంచి బకెట్టులో పెట్టింది. పులిసిన వాసనతో నీళ్ళు బయటికి వచ్చాయి. నీళ్ళతో పాటు నానిన రొట్టె పిప్పి. కారట్ తునకలు. ఉడికిన బఠానీ తొక్కలు.

మారక్క వంగి చూసింది. తన వంట తను గుర్తుపట్టదా? ఆ రోజు పొద్దున తను తరిగిన కారట్ అది. ఏటవాలుగా తరగడం ఆమె చేతి అలవాటు.

క్యాంటీను తలుపు దగ్గర మెకానిక్కులంతా గుంపుగా నించున్నారు. మారక్క బకెట్టు ఎత్తి వాళ్ళ ముందు పెట్టింది.

“ఎవరు?”

 ఇంజన్ల పెద్దాయన తల గోక్కున్నాడు.

“నేను... ఒక్క రొట్టె ముక్కే చెల్లెమ్మా. పొద్దున పూట. అట్లా చూస్తుంటే ఎట్లా తింటాం చెప్పు?”

“నేనూ ఒక్క ముక్కే అక్కా” అన్నాడు వెల్డరు. “నేనొక్కణ్ణే కదా అనుకున్నా.”

“నేనొక్కణ్ణే అనుకున్నా” అన్నాడు టైర్లాయన.

ఒకరి తరువాత ఒకరు. అందరివీ ఒక్క ముక్కలే, అందరూ ఒక్కొక్కళ్ళే. ఆ ఒక్క ముక్కలన్నీ కలిస్తే ఆ గుర్రం దొంగచాటుగా విందు భోజనం చేసింది.

మారక్క నోరు తెరవబోయేంతలో వెనక నుంచి సన్నగా వినిపించింది. “వదినా... నేను కూడా. చిటికెడు బెల్లం. పుండు కడిగేటప్పుడు కదలకుండా ఉంటుందని.”

“నువ్వు కూడానా!”

“చిటికెడే వదినా.”

“ఇంతమంది ఉండి ఒక్కళ్ళకైనా వద్దు అనడం రాదా?” అని అరిచింది మారక్క.

ఇంజన్ల పెద్దాయన తలెత్తకుండానే అన్నాడు: “ఎట్లా వస్తుంది చెల్లెమ్మా? నీ క్యాంటీనులోనే కదా ఇన్నాళ్ళూ తిన్నాం. ఆకలిగా ఉన్నవాడి ముందు నిండు కంచం పెట్టుకుని కూర్చోవడం మాకు రాదు.”

  గుర్రం మళ్ళీ కూలబడబోతోంది. మారక్క దాని మెడకి వదులుగా వేసిన తాడు అందుకుని నడిపించడం మొదలుపెట్టింది.

పెరడు చుట్టూ తిరిగారు. ఆమె అలిసిపోతే వెల్డరు, అతను అలిసిపోతే ఆడపడుచు. మధ్యాహ్నం టీ ఎవరూ కాయలేదు, ఎవరూ అడగలేదు. గుర్రానికి చెమట పట్టి, చల్లారి, మళ్ళీ పట్టింది. మధ్య మధ్య ఆపి డాక్టరమ్మ వినేది, తల అడ్డంగా ఊపేది. ఒకసారి ఇంజన్ల పెద్దాయన, “ఒక్కసారి నన్ను విననీయండమ్మా, నా చెవికి అందని చప్పుడుండదు” అని ముందుకొచ్చాడు. గుర్రం డొక్కకి చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. 

“వస్తోంది! గుడగుడమంటోంది! స్టార్టయింది!”

డాక్టరమ్మ గబగబా వచ్చి విన్నది. స్టెతస్కోపు తీసి ఆయన పొట్ట మీద పెట్టింది.

“ఇది మీదండీ. మధ్యాహ్నం భోజనం చేయలేదా?”

“పోనిద్దురూ” అని ఆయన పక్కకి తప్పుకున్నాడు. ఆడపడుచు నవ్వబోయి, నవ్వు మధ్యలోనే కళ్ళు తుడుచుకుంది.

డాక్టరమ్మ మారక్కతో మెల్లిగా చెప్పింది. లద్దె పడితే గండం గడిచినట్టే. పడకపోతే పేగు మెలిక పడిందనుకోవాలి. అప్పుడు ఇక్కడ తను చేయగలిగింది ఒక్కటే, నొప్పి తెలియకుండా నిద్రపుచ్చడం. మారక్క తలూపింది. “ఇంకో చుట్టు తిప్పుతాను” అంది.

ఇంకో చుట్టు కాదు, చాలా చుట్లు తిప్పింది. తిప్పుతూ దానితో ఏదో చెప్తూనే ఉంది, దగ్గరికెళ్ళి వింటే తిట్లే. “తిండిపోతా, వద్దనడం తెలియదే నీకు? మొహమాటమా? పెట్టినవాళ్ళకి బుద్ధి లేకపోతే తినేదానికుండక్కర్లా?” ఎండ షెడ్డు రేకుల మీద నుంచి గోడ మీదికి జారేసరికి గుర్రం ఒకచోట ఆగింది. లాగితే రాలేదు. కాళ్ళు ఎడం చేసి, తోక పక్కకి ఎత్తింది.

పడింది. చిన్నవి, గట్టివి, గుప్పెడు.

మెకానిక్కులు కేకలు వేసి చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకి గుర్రం బెదిరింది, డాక్టరమ్మ అందరినీ కసిరింది, కసురుతూ తనూ నవ్వింది. “ఏంటి సంగతి?” అని గేటు దగ్గర వాచ్‌మన్ అరిస్తే, “పేడ వేసిందయ్యా!” అని ఆడపడుచు తిరిగి అరిచింది. “పేడ ఆవుది వదినా, గుర్రానిది లద్దె” అని మారక్క దిద్దింది. దిద్ది, అక్కడే గట్టు మీద కూలబడింది.

మర్నాటి నుంచి చేతులు వెనక్కి కట్టుకునే రూలు వచ్చింది. చూడొచ్చు, మాట్లాడొచ్చు, ఎంతసేపైనా నించోవచ్చు. చేతులు మాత్రం వెనకే. భోజనాలయ్యాక నూనె బట్టల్లో అంతేసి మనుషులు, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్లలా, చేతులు వెనక్కి పెట్టుకుని గుర్రం ముందు వరసగా నించునేవాళ్ళు. కొత్తగా వచ్చిన కండక్టరు ఒకడు చూసి, ఇదేదో డిపో క్రమశిక్షణ అనుకుని, కొన్నాళ్ళు మేనేజరుగారి ముందు కూడా అలాగే నించున్నాడట.

గుర్రం నెమ్మదిగా తేరుకుంది. ముందు ఎముకల మధ్య గుంటలు పూడాయి. పాత వెంట్రుక ఊడిపోయి, కింద నుంచి గోధుమ రంగు కొత్తది వచ్చింది. చెవుల వెనక పుండు మాని, తెల్లని గీతగా మిగిలింది. గిట్టలు మళ్ళీ మళ్ళీ కోసి దారికి తెచ్చారు. ఒకరోజు వంటింట్లో మారక్క గిన్నె మీద గరిటె కొడితే, పెరట్లోంచి పెద్ద సకిలింపు వినిపించింది. బస్సు కింద పడుకున్న ఇంజన్ల పెద్దాయన తల ఇనుముకి కొట్టుకుంది. “సైలెన్సర్ ఊడిందిరోయ్!” అని ఆయన అరిచిన కేక సకిలింపు కన్నా గట్టిగా వినబడింది.

మారక్కలోనూ ఒక తేడా వచ్చింది. ఇప్పుడు ఆమె మారు వేసే ముందు అడుగుతోంది. గరిటె పట్టుకుని పక్కన నించుని, “వేయనా, చాలా?” అంటోంది. ఇది డిపోలో ఎవరికీ మింగుడు పడలేదు. మొదటిసారి విన్నప్పుడు వెల్డరు ముద్ద ఆపి, “ఏంటక్కా, అడిగి పెడుతున్నావు? నేనేం తప్పు చేశాను?” అన్నాడు. ఒకరిద్దరు అలిగి చాలన్నారు. చాలంటే ఆమె నిజంగానే వెళ్ళిపోయింది. అలిగినవాళ్ళు ఆకలితో లేచారు.

“వాళ్ళకి ఇంకా అలవాటు కాలేదు” అంది మారక్క, గడ్డి ఆఖరి గుప్పెడు పిండి తట్టలో వేస్తూ. “నాక్కూడా కాలేదనుకో. మనిషి భుజాలు చూస్తే తెలుస్తుందనుకున్నాను ఇన్నాళ్ళూ. దీని భుజాలు చూడు, ఇప్పటికీ దిగవు. కడుపు నిండిందో లేదో దానికే తెలియదు పాపం. అందుకని నేను దాని మొహం చూడను. డాక్టరమ్మ మొహం చూస్తాను.”

తట్ట గుర్రం ముందు పెట్టి, ఈసారి వెనక్కి పారిపోకుండా పక్కనే నించుంది. అది తింటుంటే మెడ మీద చెయ్యి వేసింది. డిపో వెనక ఖాళీ మైదానంలో మోకాలెత్తు పచ్చిక ఉంది. అక్కడ దీన్ని రోజూ కాసేపు వదలొచ్చా లేదా అన్నది డాక్టరమ్మ ఇంకా తేల్చలేదు. పొట్టలో పురుగులు పూర్తిగా పోయాయో లేదో తెలియాలట. పోతేనే పచ్చిక, లేకపోతే మళ్ళీ మందు, మళ్ళీ ఈ నానబెట్టిన గడ్డే.

“చేతులు విప్పుకోవచ్చులే ఇంక” అంది మారక్క. “నువ్వు వెళ్ళేది ఆసుపత్రి మీదుగానేగా?”

ఔనంటే, లోపలికెళ్ళి మూత బిగించిన చిన్న స్టీలు డబ్బా ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది.

“ఇది డాక్టరమ్మ చేతికే ఇవ్వు, అక్కడ ఇంకెవరికీ ఇవ్వకు. పొద్దున పడిందే, లద్దె. పరీక్ష చేస్తానంది. ఎండ తగలనీయకు, ఒళ్ళో పెట్టుకో. ఫలితం ఏంటో అప్పుడే అడిగి, నాకు ఫోను చెయ్యి. మరిచిపోకు నాయనా, పచ్చిక ఎండిపోయే కాలం వచ్చేస్తోంది. ఇంకో మాట, బస్సులో మా కండక్టరు కనిపిస్తాడు, క్యాంటీను డబ్బా కదా అని మూత తీయబోతాడు. తీయనీయకు.”